పలకకూడని వెలుగు

వేసవి మేతకు మందలు ఎక్కే కొండబీడును అక్కడివాళ్లు జైలో అంటారు. ఆ జైలోలో జారిక్ అనే కాపరి గుడారం. జారిక్ అంటే వాళ్ల మాటలో వెలుగు. పాలు పితికే వేళ, ఆరిపోయిన చిన్న బల్బు కింద ఆయన భార్యా, కోడలు కనిషాయ్ కూర్చుని ఉన్నారు.

"పెట్టె కదిపావా లేదా? సూటిగా చెప్పు పిల్లా."

"కదపలేదత్తమ్మా. పేడ వెయ్యడానికి తప్ప మూత కూడా తియ్యలేదు."

"నువ్వు కదపక, నేను కదపక, దానంతట అదే ఆరిపోయిందా?"

"అదే చూస్తున్నా. బురదలో తడి ఉంది. తీగ ఊడలేదు. అడుక్కి గాలి పోలేదు. అయినా ఆ... ఆ మెరిసేది మెరవట్లేదు."

"మెరిసేదట! ఈ పెట్టెలు పెట్టిపోయిన పట్నం పిల్ల ముందు కూడా అలాగే అన్నావు. 'అక్కా, మెరిసేది ఎప్పుడు మెరుస్తుంది' అని. అది పగలబడి నవ్వింది."

"మరేమనాలి? మామయ్య పేరు నా నోటెంట రావచ్చా?"

"రాకూడదు. రాకూడదనేగా నేనూ ఇన్నాళ్లూ నాలిక కరుచుకుని బతికింది. పొద్దున్నే గుడారం తెర ఎత్తితే ఏమొస్తుంది? ఆ మాట అనలేక 'బయటిది లోపలికొచ్చింది' అనేదాన్ని. కళ్లు మసకబడ్డాయని ఆసుపత్రికి పోతే డాక్టరు, 'ఏం తగ్గిందమ్మా?' అన్నాడు. మొగుడి పేరు తగ్గిందని ఎలా చెప్పను?"

"మరేం చెప్పారు?"

"కిటికీ తగ్గిందన్నాను."

"కిటికీయా!"

"నాకు మతి తగ్గిందనుకున్నాడు. నవ్వకు, నవ్వకు. ఆయన పేరు నా నోటెంట వచ్చిన రోజు ఈ గుడారం కూలినట్టే. సరే, పెట్టె సంగతి చూడు. రేపు ఆ పిల్ల వస్తానంది. పై గుడారాల వాళ్ల ముందు నా పరువేం కాను? గొప్పలు పోయి వచ్చాను."

"ఏం గొప్పలు?"

"మా ఇంట్లో బురద పేడ తిని, బల్బు వె... మెరిపిస్తుందని."

"వద్దు వద్దు అన్నది మీరేగా మొదట్లో."

"అనక? పొయ్యిలో పడాల్సిన పిడకని బురదకి తినిపిస్తారా ఎవరైనా? ఎండకి కరెంటిచ్చే పలక మీద ఆ గుడ్డి గుర్రం కాలెయ్యబట్టి ఒప్పుకున్నాను గానీ. ఇంతకీ తినేది ఎవరు? నాకిప్పటికీ అర్థం కాలేదు."

"మట్టిలో పురుగులత్తమ్మా, కంటికి కనపడవు. పేడ తింటే వాటి ఒంట్లోంచి కరెంటు వస్తుంది. బురదలో పరిచిన నల్లగుడ్డ దాన్ని పట్టుకుని తీగలోకి పంపుతుంది."

"నీకు పొద్దస్తమానం రొట్టె పెడుతున్నాను. నీ ఒంట్లోంచి ఏమొచ్చింది?"

"మనవడొస్తాడుగా."

"ఉష్! అలా పైకి అనకు, కన్ను తగులుతుంది. ఈ పెట్టెకీ కన్నే తగిలింది. పొయ్యిలో అర్చా చెట్టు కొమ్మ అంటించు, కాస్త పొగ వేద్దాం."

"పొగ వద్దత్తమ్మా. గొర్రెల దొడ్డి దగ్గర రెండో పెట్టె ఉందిగా, అది మెరుస్తూనే ఉంది. ఇప్పుడే చూసొచ్చా. కన్ను తగిలితే దానికీ తగలాలి."

"దాన్నెవరు చూస్తారు, గొర్రెలు తప్ప?"

"రెండిట్లోనూ ఒకే బురద. వాగు ఒడ్డున నేనే తవ్వి తెచ్చా. డబ్బాలూ ఒకటే. తేడా ఒక్కటే ఉంది."

"ఏంటది?"

"దానికి ఎర్రావు పేడ వేస్తున్నా. దీనికి మచ్చలావుది వేశా. గుడారం పక్కన కట్టేసి ఉంటుంది కదా, దగ్గరని."

"అయితే? పేడకి కూడా వంకలు పెడతావా?"

"పట్నం అక్క చెప్పిందత్తమ్మా. సూది వేయించిన గొడ్డు పేడ మాత్రం వెయ్యొద్దంది. మందు పేడలోకి దిగుతుందట. రోగాన్ని చంపే మందు ఈ పురుగుల్నీ చంపుతుందట."

"సూదా?"

"ఆ."

"మన గొడ్లకి సూదెవరు వేశారు?"

"నేనూ అదే అడుగుతున్నా."

"ఎవరూ వెయ్యలేదు. పొయ్యిలో పిడక ఎగదొయ్యి, ఆరిపోతోంది. కుండ పెట్టు."

"కుండలో ఏం పొయ్యను? పాలు ఇంకా రాలేదుగా. మామయ్య పితుకుతున్నారు."

"ఆ. అవును."

"అత్తమ్మా, మగవాళ్లు ఆవు పాలు పితకడం మీరెక్కడైనా చూశారా?"

"ఆయనకి సరదా పుట్టింది."

"గుర్రప్పిల్లని కాసేపు పట్టుకోమంటేనే 'నా నడుం, నా నడుం' అనే మనిషి. మచ్చలావు దూడ పోయినప్పట్నించీ మనల్ని దాని దగ్గరికే రానివ్వట్లేదు."

"దూడ పోయిన ఆవు పొడుస్తుంది. అందుకని."

"మచ్చలావా? నా తలగుడ్డ నములుతూ నిలబడే ఆవు పొడుస్తుందా?"

"కనిషాయ్, నీకీమధ్య మాటలెక్కువయ్యాయి."

"దూడ ఎలా పోయిందత్తమ్మా?"

"తోడేలు ఎత్తుకుపోయింది. ఎన్నిసార్లు అడుగుతావు?"

"ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడే అడుగుతున్నా."

"తోడేలన్నాగా."

"తోడేలొస్తే కుక్క ఊరుకుంటుందా? ఆ రోజు గుమ్మంలో పడుకునే ఉంది, చెవి కూడా ఎత్తలేదు. మామయ్య పార తీసుకుని వాగు దాటారు. తోడేలు తినేసినదాన్ని పాతిపెడతారా?"

"నువ్వు చూశావా పార?"

"నేను చూశా. మీరూ చూశారు. చూసి తెర దించేశారు."

"చలి వేసింది, దించాను."

"అత్తమ్మా."

"చలి వేసి దించానంటున్నాగా!"

"దూడ పుట్టనే లేదు కదా? నెలలు నిండకుండానే ఆవు ఈసుకుపోయింది కదా?"

"కోకుయ్, అయ్యో దేవుడా! మెల్లగా. గొంతు తగ్గించు."

"కింది గుడారం గుల్నూర్ అక్క ఆవు కూడా పోయిన వేసవిలో అలాగే ఈసుకుపోయింది. దాని పచ్చిపాలు తాగాక ఆమెకి సాయంత్రాలు జ్వరం. కీళ్ల నొప్పులు. ఆ తర్వాత..."

"ఆ తర్వాతది ఎత్తకు. నీ నోటెంట రానివ్వకు."

"ఆమె కూడా నాలాగే కడుపుతో ఉంది అప్పుడు."

"నీకేం? నువ్వు బాగున్నావు. శుభ్రంగా ఉన్నావు."

"నా మోకాళ్లు?"

"కడుపుతో ఉన్నదానికి మోకాళ్లు నొప్పెట్టవా?"

"సాయంత్రమయ్యేసరికి చెమటలు? మెడ కిందంతా తడిసిపోతోంది."

"ఎప్పుడు? నాకు చెప్పలేదే!"

"చెప్పా. పొయ్యి దగ్గర కూర్చుంటే చెమట పట్టదా అన్నారు."

"అన్నానా? అనే ఉంటాను. దేవుడా, అనే ఉంటాను."

"నాకు భయంగా ఉందత్తమ్మా. నిజం చెప్పండి."

"ఏం నిజం చెప్పను? నేను అడిగితే కదా ఆయన చెప్పేది! నువ్వు నీళ్లకెళ్లినప్పుడు సూదులు వేసేవాడొకడు గుర్రం మీద వచ్చాడు. టీ పోశాను. రొట్టె పెట్టాను. ఎందుకొచ్చావు నాయనా అని మాత్రం అడగలేదు. ఇద్దరూ ఆవు వెనక్కి వెళ్లారు. నేను కప్పులు కడిగాను."

"అడగాల్సింది."

"అడిగితే చెప్తాడని భయం. చెప్పాక తెలియనట్టు ఉండలేను కదే."

"మిగతా అందరూ తాగేది మరిగించిన పాలే. పెరుగు కూడా మరిగించాకే తోడేస్తున్నాం. నాకొక్కదానికే..."

"తెలుసు."

"నాకొక్కదానికే మామయ్య పొదుగు దగ్గర్నించి నేరుగా పట్టుకొస్తున్నారు."

"తెలుసునే! చెప్పింది నేనే కదా. నీ మొగుడు తాలాయ్ నా కడుపులో ఉన్నప్పుడు మా అత్త నాకు రోజూ నురుగు పాలు ఇచ్చేది. కోడలికీ అలాగే ఇవ్వండి, బిడ్డ ఎముక గట్టిపడుతుందని నేనే ఆయనకి చెప్పాను."

"ఎర్రావు అప్పటికే వట్టిపోయింది."

"వట్టిపోయింది."

"అంటే ఇన్నాళ్లూ నేను తాగినవన్నీ..."

"చాలు. చాలు తల్లీ. ఇవాళ పాలొద్దని అను. కాదని చెప్పు."

"ఎలా చెప్పను? మామయ్య తన చేత్తో పాలు, మనం మొక్కే తెల్లటిది, ఇస్తే కోడలు కాదంటుందా? తీసుకుని పారబోద్దామా అంటే తెల్లటిది నేల మీద పొయ్యకూడదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎదురుగానే నిలబడతారు."

"ముచ్చటపడి నిలబడతాడే. మనవడు తాగుతున్నట్టే ఉంటుంది ఆయనకి."

"తెలుసు. అందుకే కడుపు నిండినా తాగాను. అత్తమ్మా, రేపు పట్నం అక్క బండిలో నేను కిందికి పోతా. ఆసుపత్రిలో నెత్తురు చూపించుకుంటా."

"మామయ్యకి ఏం చెప్తావు?"

"మీరు చెప్పండి."

"నేనా?"

"మీ అబ్బాయి గడ్డికోతకని కిందికి పోయారు. ఇంకెవరున్నారు నాకిక్కడ?"

"నేనాయనకి ఎదురు చెప్పి ఎరగను. టీ చల్లారిందని కూడా చెప్పి ఎరగను. రేపు చూద్దాంలే. రేపు ఆ పిల్ల రానీ, అప్పుడు..."

"అడుగులు వినిపిస్తున్నాయి."

"కళ్లు తుడుచుకో."

"ఏమే! లోపల చీకటేంటి? పేడ పెట్టె అలిగిందా?"

"అలిగిందండీ."

"నేనప్పుడే అన్నా. పేడకే వెలుగొచ్చేట్టయితే మన ఎద్దు ఎప్పుడో సూర్యుడయ్యేది. ఇదిగో అమ్మాయ్, నీ గిన్నె. వెచ్చగా ఉంది, పట్టుకో."

"మామయ్యా, ఇవాళ కాస్త మరిగించుకుని తాగుతా."

"మరిగిస్తే బలమంతా పొయ్యికి పోతుంది. తాగు తల్లీ."

"అక్కడ పెట్టండి. తర్వాత తాగుతుందిలెండి."

"తర్వాతేంటే, నురుగు చచ్చాకా?"

"మామయ్యా, ఇవి మచ్చలావు పాలేనా?"

"ఇంకేం ఆవుంది? ఎర్రది వట్టిపోయిందిగా."

"దానికి సూది వేయించారా?"

"ఎవరు చెప్పారు నీకు? ఏమే, నువ్వేమన్నా వాగావా?"

"నేనేం అనలేదండీ. బురద చెప్పింది."

"వేళాకోళంగా ఉందా?"

"మచ్చలావు పేడ తిని పెట్టెలో పురుగులన్నీ చచ్చాయట. అందుకే ఈ చీకటి. ఆ పేడలో మందుందట."

"ఉంటే? ఆ, వేయించా. వేయించడం తప్పా? సూది పడ్డాక పాలు శుభ్రమన్నాడు వాడు. ఆవుని మాత్రం ఆడవాళ్లని తాకనీయొద్దన్నాడు. తాకనిచ్చానా? ఈ వయసులో నేలమీద గొంతుక్కూర్చుని పిండుతున్నానా లేదా?"

"మంచి డాక్టర్ని పిలవాల్సింది మామయ్యా."

"పిలిస్తే? గొడ్లన్నిటికీ నెత్తురు తీస్తాడు. లారీ తెచ్చి చంపడానికి తోలుకుపోతాడు. జారిక్ మందలో ఈసుకుపోయే రోగమట అని లోయంతా చెప్పుకుంటే, మన ఇంటి తెల్లటిది ఎవడన్నా ముడతాడా? అతిథన్నవాడు మన గడప తొక్కుతాడా? మా నాన్న గుడారంలో తాగకుండా ఒక్కడూ వెళ్లలేదు. నా హయాంలో వెళ్లాలా?"

"గుల్నూర్ అక్క..."

"ఆ పిల్ల సంగతి వేరు. వాళ్లు సూది వేయించలేదు, నేను వేయించా. పైగా ఆ మందు పాలలో కూడా దిగుతుంది, మీ కోడలికీ మంచిదేనన్నాడు. నీ కడుపులోది నా వంశం తల్లీ. దానికి చెడు చేస్తానా నేను?"

"చెయ్యరు మామయ్యా. నాకు తెలుసు."

"మరింకేం? పట్టుకో. మామని గిన్నెతో నిలబెడతావా? ఈ గుడారంలో ఏ కోడలూ తెల్లటిది కాదనలేదు. మీ అత్త అన్నదా? అడుగు. ఏమే, ఎప్పుడన్నా అన్నావా?"

"లేదండీ."

"విన్నావా?"

"ఇవ్వండి మామయ్యా."

"అదీ, మంచి పిల్లవి. రెండు చేతులతో... ఏమే, నువ్వెందుకు లేచావు మధ్యలో?"

"ఏమండీ."

"అడ్డం లే. చీకట్లో తొణుకుతుంది."

"ఏమండీ, వద్దు."

"ఏంటి వద్దు? అడ్డం లెమ్మంటే..."

"జారిక్."

"ఏమన్నావు? ఏమే... ఏమన్నావు నువ్వు?"

"జారిక్, ఆ గిన్నె కింద పెట్టు."