మూడు లోయల పండక్కి ఒక్కటే మైకు

కొండచరియ విరిగి రోడ్డు మీద పడిందని, దారి బాగయ్యేదాకా బస్సు కదలదని కండక్టర్ చెప్పేసరికి, దిగినవాళ్లంతా, ఊరంతా అక్క అని పిలిచే ఆవిడ టీకొట్లోకి దూరారు. ఆ పక్క సెలూన్ నాది. అంత చలిలో గడ్డం గీయించుకునే మొనగాడెవడూ రాడు గనక నేనూ వెళ్లి కూర్చున్నా.

మధ్య బల్ల దగ్గర హెడ్మాస్టారు ఉన్నారు. రిటైరై నాలుగేళ్లయినా అందరికీ హెడ్మాస్టారే. ఈసారి మూడు లోయల వాళ్లూ కలిసి ఒకేచోట వసంతం పండగ చేసుకోవాలనుకున్నారు. ఆ కమిటీకి ఆయనే పెద్ద. మైకు ఎవరికి అప్పజెప్పాలో ఆ మధ్యాహ్నమే తేల్చాలి. ఒకపక్క నిలువెత్తు బాక్సులు తెప్పించిన కొత్త షాపువాళ్లు. ఇంకోపక్క మా హలో మామ. ముప్పై ఏళ్లుగా ప్రతి పందిట్లోనూ మైకు ముందు నిలబడి "హలో, హలో" అంటున్నాడు గనక ఆ పేరు స్థిరపడిపోయింది. రెండేళ్ల నుంచి పిలిచేవాళ్లు లేక ఆయన సెట్టు పాత దుప్పటి కప్పుకుని గోడవారన పడుంది. ఈ పండగ కూడా పోతే దాన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేస్తానని అత్త ఖరాఖండిగా చెప్పేసింది.

అందుకని మామ టీ గ్లాసు పట్టుకొచ్చి సరిగ్గా మాస్టారి ఎదురుగా కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. మాకు విషయం అర్థమైపోయింది. బస్సు ఎలాగూ లేదు, పారిపోయే దారీ లేదు.

"మాస్టారూ, బాక్సులదేముందండీ, ఎవడైనా కొంటాడు. కొండ పండగలో మైకు పట్టుకోవాలంటే అనుభవం ఉండాలి. పన్నెండేళ్ల కిందట పైలోయలో మంచు కరిగే పండక్కి నన్ను పిలిచారు. పెద్ద పనేం కాదు లెండి. స్పీకరు గొట్టం ఒకటి, మైకు ఒకటి, తీగ చుట్ట ఒకటి. బస్సు కిందే ఆగిపోతే అన్నీ వీపుకి కట్టుకుని ఎనిమిది మైళ్లు ఎక్కా."

"నిన్న ఆరు మైళ్లన్నావు," అంది అక్క, గ్లాసులు కడుగుతూనే.

"నిన్న చెప్పింది దిగేటప్పటి లెక్క తల్లీ. ఎక్కేటప్పుడు ఎనిమిది. సరే, వెళ్లా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఏడు మంచు ఆలస్యంగా కరిగిందండీ. దాంతో పైలోయ వాళ్ల మంచు పండగ, నడిమిలోయ వాళ్ల విత్తనాల పండగ, కిందిలోయ వాళ్లు గొర్రెల్ని మేతకి తోలే పండగ, మూడూ ఒకే రోజున పడ్డాయి! మూడు లోయలు, మూడు భాషలు, మూడు రకాల డోళ్లు, మైకు చూస్తే ఒక్కటి. ఒకళ్ల మాట ఒకళ్లకి తెలీదు గానీ నన్ను చూడగానే అందరూ ఒకటే మాట, నువ్వే రావాలని."

"ఏ భాషలో అన్నారు?" అడిగారు మాస్టారు.

"మూడింట్లోనూ! నాకు అప్పటికి ఒక్క ముక్క రాదు. నడుస్తూ నేర్చుకున్నానండీ. ఎక్కేటప్పుడు నామవాచకాలు, దిగేటప్పుడు క్రియలు."

"మరి విభక్తులు?"

"అవి జారిపడ్డప్పుడు వాటంతటవే అంటుకున్నాయి."

మాస్టారు ముప్పైయేళ్లు వ్యాకరణం చెప్పిన మనిషి. నిదానంగా తలూపారు. "నేనే అనవసరంగా బెత్తాలు విరగ్గొట్టుకున్నాను," అన్నారు.

మామకి అది మెచ్చుకోలులా వినపడింది. కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"పైలోయలో ఆట మొదలైందండీ. ఆడాళ్లు ఒక వరస, మగాళ్లు ఒక వరస. ఇంతలో పైనుంచి గుడగుడమని చప్పుడు. చూస్తే ఏముంది, శిఖరం మీది మంచంతా ఒక్కసారిగా కదిలి ఊరి మీదికి వచ్చేస్తోంది! అందరూ పరుగో పరుగు. నేను మాత్రం కదల్లేదు. మైకు తీశా. నింపాదిగా 'హలో' అన్నా."

"ఊఁ?"

"ఆగింది."

"ఏది, మైకా?" అన్నాను నేను.

"మంచు నాయనా, మంచు! సగం కొండ మీద ఉన్నది ఉన్నట్టే నిలబడిపోయింది. పాట పూర్తయ్యేదాకా కదిలితే ఒట్టు. పాటయ్యాక మర్యాదగా చెప్పా, ఎడమ వైపుకి తిరగమని. తిరిగింది. తిరిగి, నేను ధన్యవాదాలు చెబుతుంటే ఆ మాటల వేడికి కరిగి, ఏరై, తిన్నగా నడిమిలోయ పొలాల్లోకి పారింది. అక్కడ వాళ్లు విత్తనాలు చేత్తో పట్టుకుని నీళ్లకోసం ఎదురుచూస్తున్నారు!"

"ఎంత కలిసొచ్చింది," అంది అక్క. "మా కొళాయి దగ్గర కూడా ఓసారి హలో అనకూడదూ, మూడు రోజులైంది నీళ్లు రాక."

"నవ్వుతావు గానీ అక్కా, అసలు కథ ఇంకా ఉంది. నేను కిందిలోయకి వెళ్లేసరికి నాలుగువేల గొర్రెలు చెదిరిపోయి కాపర్లు తలలు పట్టుకుని కూర్చున్నారు. గొట్టం ఒక గుట్ట మీద పెట్టి ఒక్కసారి గొర్రెలా అరిచా. వచ్చాయి! నాలుగువేలా? కాదు, ఆరువేలు! కిందటేడు అమ్మేసినవి కూడా వెనక్కొచ్చేశాయి. సరిహద్దు అవతలి దేశం నుంచి ఒక మంద మొత్తం నడిచొచ్చింది, కాగితాలూ గీగితాలూ ఏం లేకుండా. వెనకాలే ఒక పెద్దాఫీసరు జీపులో వచ్చి, ఎవరీ గొంతు అని అడిగి, నేను కనపడగానే సెల్యూట్ కొట్టి వెళ్లాడు."

"గొర్రెల్ని తీసుకెళ్లలేదా?"

"అవి వెళ్లనన్నాయి."

కొట్టంతా ఘొల్లుమంది. మామ చెయ్యెత్తి అందర్నీ ఊరుకోబెట్టాడు. ఇప్పుడాయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

"ఇంకా పండగ సగంలో ఉండగానే పొద్దు వాలిపోతోందండీ. పిల్లలు ఏడుపు. నేను పడమటికి తిరిగి మైకులో ఒక్క మాటన్నా, 'అయ్యా, ఒక్క పావుగంట.' అంతే! దిగుతున్న సూర్యుడు మళ్లీ బెత్తెడు పైకి లేచాడు."

"నిజమే," అన్నారు మాస్టారు. "ఆ ఏడు ఒకరోజు మా బడిలో సాయంత్రం గంట పావుగంట ఆలస్యంగా కొట్టారు. పాపం, ప్యూన్ని చెడామడా తిట్టాను."

"చూశారా!" అన్నాడు మామ, మా అందరి వంకా గెలిచినట్టు చూస్తూ. "సాక్ష్యం ఇంకా కావాలంటే పైలోయ పెద్దమ్మని అడగాలి. వాళ్లింట్లోనే కదా నేను దిగింది. కానీ ఏం లాభం, మొన్న శీతాకాలం పోయింది మహాతల్లి. కబురు తెలిసి పరిగెత్తా. నా చేతుల్లోనే ప్రాణం వదిలింది. పోతూ పోతూ ఒకటే మాట, 'నాయనా, ఇక మా పండగకి నీ గొంతే దిక్కు' అని." పైకండువాతో కళ్లు కూడా ఒత్తుకున్నాడు.

పొయ్యి పక్కన ఒక ముసలావిడ కూర్చునుంది. బస్సు దిగిన దగ్గర్నుంచీ ఉన్నిటోపీ కనుబొమల దాకా లాక్కుని, శాలువా ముక్కు దాకా కప్పుకుని, చేతులు కాచుకుంటోంది. ఇప్పుడు శాలువా కిందికి దించింది.

"నేను పోయినట్టు నాకెవరూ చెప్పలేదే," అంది.

మామ చేతిలో కండువా అక్కడే ఆగిపోయింది.

మాస్టారు గబుక్కున లేచి నిలబడ్డారు. "పెద్దమ్మగారూ! కమిటీకి పైలోయ తరఫున వస్తున్నది మీరా! బస్సు ఆగిపోయింది, ఆ వచ్చేవాళ్లెక్కడ చిక్కుకున్నారో అని కంగారుపడుతున్నా."

"ఇక్కడే ఉన్నా నాయనా. నా చావు కబురు వింటూ కూర్చున్నా." ఆవిడ మామ వైపు తిరిగింది. కోపమేం లేదు ఆ మొహంలో. "ఒళ్లు చేశావు బాబూ. గొంతు విని గుర్తుపట్టా. ఇతను రెండో మలుపు దగ్గరే ఆయాసంతో కూలబడ్డాడు మాస్టారూ. మా గాడిద మీది ఉప్పు మూటలు దించి ఇతన్ని ఎక్కించి తెచ్చాం. ఉప్పు కోసం మర్నాడు మళ్లీ వెళ్లాల్సొచ్చింది. తీరా చూస్తే బ్యాటరీ బస్సులో మర్చిపోయొచ్చాడు. సరేలెమ్మని పరుపేస్తే, పండగ మూడు రోజులూ పడుకునే ఉన్నాడు. జావ తాగడానికి మటుకు లేచేవాడు."

"మరి ఆ గొట్టం?" అంది అక్క.

"దాన్నేమీ అనకూడదు. తిరగేసి పీపాల్లోకి నూనె పోసుకున్నాం. ఒక్క చుక్క ఒలకలేదు."

ఎవరూ నవ్వలేదు, మామ మొహం చూసి. ఆయన గ్లాసులోకి చూస్తున్నాడు. టీ అయిపోయి చాలాసేపైంది. మాస్టారు ఇబ్బందిగా దగ్గి, పుస్తకం తెరిచి, పెన్ను మూత తీశారు. "అయితే ఆ కొత్త షాపువాళ్ల పేరే రాసేద్దామా పెద్దమ్మగారూ?"

"ఎందుకు?" అంది ఆవిడ. "ఇతన్నే పిలవండి. ఆ ఏడు మా డోళ్లు ఒక లోయ నుంచి ఇంకో లోయకి వినపడ్డాయి. అంత మంచి పండగ మళ్లీ జరగలేదు. పరుపు నేనేస్తా, బ్యాటరీ మాత్రం తేవద్దని చెప్పండి."