దూప అన్న మాట

ఇప్పుడా పట్టుచీర దేనికే రేణుకా? ఎవలదన్న పెండ్లా? ఉత్త పుస్తకం సభ. నిజామాబాద్ దాక బస్సుల నిలబడి పోవాలె. తొవ్వ నిండ చెరుకు బండ్లు అడ్డముంటయ్, ఎప్పుడు చేరుతమో ఏమో. నువ్వు రాకు. చెప్తున్న గద, రాకు.

అబ్బ, గట్ల చూడకు. మీ తమ్ముని మొదటి పుస్తకమని నాకెరుక లేదా? అక్కకు ముందట కుర్చీ వేయిస్తనన్నడు వెంకటి, నిజమే. గదే నా భయం.

ఏం భయమంటవా? పొద్దటి సంది ఒక్క ముద్ద దిగలె. సభల లేచి మాట్లాడాలె గద, గదే.

నవ్వుతవేందే? అవు, నేనే. విమర్శకుడు ఆత్మారాం. గీ బోధన్ల నేను కలం వడితే కవులు జ్వరమొచ్చి పంటరని నువ్వే గద వాడకట్టంత చెప్పుకుంటవు! మొన్న వకీలు సాబ్ పద్యాలను ఉతికి ఆరేసిన. గణం తప్పిందన్న, యతి తప్పిందన్న. అప్పుడు భయమైందా? లేదు. చాయ్ తాక్కుంట తీరిగ్గ రాసిన.

ఇగ ఇప్పుడు తెలుస్తుంది. తప్పులు పట్టెటందుకు ధైర్యమెందుకే? తప్పు పట్టినోన్ని చదువుకున్నోడంటరు, కుర్చీ వేస్తరు. మంచిగున్నదాన్ని మంచిగున్నదని పెద్దమనిషి ముందట నిలవడి చెప్పాలె చూడు, ఆడ తెలుస్తది వీడు విమర్శకుడా, ఉత్త వేషమా అని.

వెంకటి పుస్తకం మంచిగున్నది. బామ్మర్ది అని అంటలేను. చెరుకు కాంట కాడ చిట్టీలు రాసెటోడు గట్ల రాస్తడని నేననుకోలె. మిమ్ముల కన్న మీ అవ్వ మీద రాసిండు చూడు, గది బడిల చదువుకుంట పోరగాండ్లకు కనవడకుంట గోడ దిక్కు తిరిగిన.

వద్దు, ఇప్పుడు చదవకు. నీకు నోటికొచ్చని తెలుసు. ఆపు రేణుకా, నీ దండం పెడత.

చెరుకు కొట్టుకుంట కొట్టుకుంట మీ అవ్వ ఒడ్డు మీద పడిపోవుడు. వెంకటి ఆమె తల ఒడిల వెట్టుకునుడు. 'దూపైతుంది బిడ్డా' అని ఆమె అనుడు. వాడు నీళ్లకు ఉరికి, తెచ్చేసరికి... గంతే గద. ఆ కవితల ఇంకేమున్నది? ఒక్క ఉపమానం లేదు, ఒక్క సమాసం లేదు. ఆ ఒక్క మాట మీదనే నిలవడ్డది.

పొద్దుగాల వెంకటీ నేనూ ఈడి డాక్ బంగ్లకు పోయినం గద. సభకు పోవుకుంట అధ్యక్షుల వారు రాత్రి ఈడ దిగిండ్రని. విజయవాడ దిక్కు నుంచొచ్చిండ్రు, శానా పెద్ద పండితులు. మా తెలుగు పంతుళ్లను పర్మినెంట్ చేసే కమిటీల గూడ ఉన్నరు. నేను ఉర్దూల చదువుకున్నోన్ని. రాష్ట్రాలు కలిసినంక తెలుగు పరీక్షలు రాసి పంతులునయిన. నా నౌకరి ఇంక పర్మినెంట్ కాలె, కచ్చనే ఉన్నది, నీకు తెల్వనిదా?

మనిషి చెడ్డోడు కాదే. మంచిగ కూసోవెట్టిండు, చాయ్ తెప్పిచ్చిండు. పుస్తకం తిప్పుకుంట తిప్పుకుంట ఆ పేజీ కాడ ఆగిండు. "దూప ఏమిటండీ, అచ్చుతప్పు పడినట్టుంది? ధూపం కదూ! పాపం, పోయేముందు ఆవిడ ధూపం వెయ్యమందా?" అని నవ్విండు.

ఆయన తప్పేమున్నది చెప్పు? వాళ్ల దిక్కు దాహమంటరు. దూపంటే వాళ్లకు దేవుని ముందటి పొగనే. ఆయనకు తెల్వది. నాకు తెలుసు గద!

నా దిక్కు తిరిగిండు. "ఏమంటారు ఆత్మారాం గారూ? విమర్శకులు మీరు, చెప్పాలి" అన్నడు.

ఒక్క మాట చాలు. 'అయ్యా, మా దిక్కు దూపంటే దాహం.' గంతే. 'అలాగా' అనేటోడు. రాసుకునేటోడు గూడ కావచ్చు. కాని నాకేమనిపించిందో తెలుసా? ఆ మాట నాకు తెలుసంటే, నేను ఇంట్ల గట్లనే మాట్లాడుతనని తెలిసిపోతదనిపించింది. పిల్లగాండ్లు బడిల దూప అంటే బెత్తం లేపేటోన్ని నేను.

అవునన్ననా? అనలె. కాదని గూడ అనలె. ఆగు, చెప్తున్న గద... చీర కుచ్చిళ్లు తర్వాత వెట్టుకో, జర ఇటు చూడు.

నవ్విన. ఆయన నవ్వుతుంటే ఆయనతోటి నేనూ నవ్విన. మీ అవ్వ ఆఖరి మాట మీద.

వెంకటి నా మొఖమే చూస్తున్నడు. కోపం జెయ్యలె. "బావ నవ్విండంటే తప్పే అయుంటది" అన్నడు. జేబుల పెన్ను తీసి, నా ముందట్నే, ఆ మాట కొట్టేసి ధూపమని రాసుకున్నడు. మాపటికి సభల గట్లనే చదువుతడు. నా మీద వానికి గంత నమ్మకమే!

సభల లేచి సరిచెయ్యరాదా అంటవు. ఎందుకు రాదు? నువ్వు నీళ్లకు పోయినప్పుడు అద్దం ముందట నిలవడి చెప్పి చూసిన. నాలుగు గోడల నడుమనే దూప అనవోయి దాహం అన్న.

బస్సు కూత వెడుతుంది. ఏందే, తాళం చెయ్యి తీస్తున్నవు? వస్తవా? నిజంగ వస్తవా?

అసలు సంగతి చెప్పాల్నా? నువ్వు ముందట కూసుంటే లేచి చెప్పక తప్పదని రావొద్దంటున్న. నువ్వు రాకుంటే నా సంగతి నాకు తెలుసు. ఆయన మళ్ల నవ్వుతడు. నేనూ నవ్వుత.