ఇస్త్రీబల్ల మీద ప్రపంచం

రేపు పెళ్లివాన్‌లో డ్రైవరు పక్క సీటు ఎవరిదో ఇంకా తేలలేదు. దారి చెప్పగలిగినవాడిదే అన్నాడు మామగారు. విదేశంలో లాండ్రీలో ఇస్త్రీ చేసి వచ్చిన పెద్దల్లుడికి ఆ సీటు మీద ప్రాణం. వరండాలో టీగ్లాసు చేతికి రావడం ఆలస్యం, అందుకున్నాడు.

“దారులా మావయ్యా? అక్కడివాళ్లకి భూగోళం గుండుసున్నా! పక్క బల్లవాడు నన్ను పట్టుకుని ‘మీ దేశానికి బస్సుంటుందా’ అన్నాడు. ఒళ్లు మండింది. బల్ల మీద దుప్పటి పరిచి, మడతలు కొండలనీ, నీళ్లు చల్లిన మేర సముద్రమనీ, బొత్తాలు దేశాలనీ పాఠం చెప్పేశాను.”

“బాగుంది,” అన్నాడు చిన్నల్లుడు. అతని కన్నూ ఆ సీటు మీదే.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓనరు చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మర్నాడు బడిపిల్లలు వరస కట్టారు. వాళ్ల వెనకే పైలట్లు! విమానం బయట ఆపుకుని, ‘గురువుగారూ, ఎడమకా కుడికా’ అని అడిగి మరీ వెళ్లేవారు.”

“లాండ్రీ ముందు విమానమా?”

“సందు వెడల్పులే తమ్ముడూ. అంతెందుకు, రెండు దేశాలు సరిహద్దు కోసం కొట్టుకు చస్తుంటే, మంత్రులిద్దర్నీ దుప్పటి చెరో కొసా పట్టుకోమని, ఇస్త్రీపెట్టె అటునుంచి ఇటు ఒక్క తోపు తోశాను. మడత పోయింది. నమ్మండి, తెల్లారేసరికి అక్కడ నిజం కొండ కూడా లేదు!”

మామగారు టీ తాగడం మర్చిపోయాడు. ఇక సీటు తనదేనని పెద్దల్లుడికి కడుపు నిండిపోయింది.

అప్పుడే ఖాళీ గ్లాసుల కోసం అతని భార్య వచ్చింది. అదే లాండ్రీలో అతని పక్కనే దుప్పట్లు మడతపెట్టిన మనిషి.

“బస్సు మాట నిజమే నాన్నా, వాళ్లకి మన దేశం ఎక్కడో తెలీదు. దుప్పటి పరిచిన మాటా నిజమే. అప్పుడు ఆ పక్క బల్లవాడు ఓ బొత్తాం చేతికిచ్చి, ‘మరి మా దేశం ఎక్కడో పెట్టు’ అన్నాడు. ఈయన తీసుకెళ్లి తడిలో పెట్టారు. వాళ్ల తిండి తింటూ వాళ్ల దేశాన్నే ముంచేశారు. అప్పట్నించీ లాండ్రీలో ఈయన పేరు సముద్రం.”

వరండా అంతా గొల్లున నవ్వింది. పెద్దల్లుడు సిగ్గుపడుతూ తన గ్లాసు భార్య చేతికిచ్చేశాడు.

తెల్లారి వాన్ కదలబోతుంటే, ముందు సీట్లోంచి చిన్నల్లుడు వెనక్కి తిరిగాడు.

“వదినా, సముద్రంగారు ఎక్కారా?”

“ఎక్కారు. కిటికీ పక్కన మాత్రం కూర్చోబెట్టలేదు. దారి చెప్పేస్తారు.”