పదవి ఊడిన మర్నాడు

కెనడాలో సస్కాచవాన్ రాష్ట్రం‌లోని ఒక చిన్న ఊళ్లో, ఐస్ హాకీ ఆడే రింకు క్యాంటీన్‌లో, నిన్ననే రోడ్ల మంత్రి పదవి ఊడినాయన ఒంటరిగా కాఫీ తాగుతున్నాడు. ప్రతి ఎన్నికలోనూ ఆయన ప్రచార బోర్డులు తన పొలంలో పాతిన ముసలి రైతు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“మళ్లీ కంకర ఎగిరి నా బండి అద్దం పగిలిందయ్యా! ప్రతిపక్షంలో ఉన్నప్పుడు మన ఊరి కంకర రోడ్డుకు తారు వేయాలని గొంతు చించుకున్నావే, మంత్రివయ్యాక ఏమైంది?”

“సొంత నియోజకవర్గానికే ముందు తారు పోస్తే పత్రికలు ఊరుకుంటాయా? అందుకే పక్కవాళ్లకు వేయించాను.”

“ఆరేళ్లూ పక్కవాళ్లకేనా?”

“మనది ఈ వేసవిలో వేయిద్దామనుకున్నా. ఈలోగా పీకేశారు.”

“పోనీ, కొత్త మంత్రినడుగు.”

“పొద్దున్నే అడిగాను. ‘అంత అవసరమైతే ఆరేళ్లు మీరేం చేశారు?’ అందావిడ.”

“నేనడిగిందీ అదేగా!”