లిఫ్టులో అంటించిన కార్డు

ఆదివారం ఉదయం బైబిల్ తరగతికి ఇంకా పావుగంట ఉంది. పాఠం చెప్పాల్సిన లిఫ్టు మెకానిక్, ఆయన భార్య కుర్చీలు వేస్తున్నారు.

"అబద్ధ సాక్ష్యం పాఠమేగా? దానికి రాత్రంతా అటూ ఇటూ దొర్లాలా?"

"పాఠం తేలికే. ఉదాహరణ దగ్గరే నోరు పెగలట్లేదు."

"కోర్టులో దొంగసాక్షి సంగతి చెప్పండి. పోయినేడూ అదేగా."

"ఈసారి ఎవరి పనిలోంచి వాళ్ళు చెప్పాలన్నాను. ముందు నేనే చెప్పాలి."

"చెప్పండి మరి."

"మొన్న ఆసుపత్రి లిఫ్టులో, బ్రేకు చూశానని అక్కడ అంటించిన తనిఖీ కార్డు మీద సంతకం పెట్టాను."

"చూశారుగా?... ఏవండీ, చూడలేదా?"

"మా పనిలో అందరూ అంతే. ముందు సంతకం పెట్టేస్తాం, తీరిక దొరికినప్పుడు చూస్తాం."

"అందులో రోగుల్ని మంచాలతో సహా ఎక్కిస్తారండీ!"

"తెలుసు."

"నెలనెలా చూసే బ్రేకేగా, బాగానే ఉంటుంది లెండి."

"ఉంటుంది. కానీ కార్డు మీద 'ఉంటుంది' అని రాయలేదే. 'చూశాను' అని రాశాను."

"ముందు ఫోన్ చేసి లిఫ్టు ఆపమనండి."

"పొద్దుట్నుంచీ చేస్తున్నా. ఎవరూ ఎత్తట్లేదు. పనిముట్ల సంచి బండిలోనే ఉంది, నేను పోతున్నా. పాఠం నువ్వు చెప్పు."

"నేనా? అదిగో, అందరూ వచ్చేస్తున్నారు. మీరేరీ అని అడిగితే?"

"ఏం చెప్తావు?"

"కడుపునొప్పి అంటాను."

ఆయన గుమ్మం దగ్గర ఆగాడు.

"అయితే ఉదాహరణకి నా కోసం ఎదురుచూడక్కర్లేదు. నీదే చెప్పు."