ఆ హీరోకి మీసం లేదు

అద్దె పుస్తకాల కొట్టు. మధ్యాహ్నం. బల్లకి అటువైపు కొట్టు నడిపే ఆవిడ, ఇటువైపు పుస్తకాలు తిరిగివ్వడానికి వచ్చిన అమ్మాయి.

“బాగాలేదత్తా. అస్సలు బాగాలేదు.”

“అలా అంటే కుదరదు. ఎందుకు బాగాలేదో చెప్పు. అభిప్రాయం చెప్పనిదే నా కొట్లో కొత్త పుస్తకం లేదు, తెలుసుగా.”

“చెప్తా. నవ్వకూడదు మరి.”

“నవ్వను. కాస్త గట్టిగా చెప్పు, పిచ్చుకా. నీ మాట నీకైనా వినపడుతోందా?”

“ఆ హీరో కళ్ళు చురకత్తులట. పేజీకోసారి చురకత్తులు. వాటితో ఆ అమ్మాయిని చూస్తాడు, తలుపుని చూస్తాడు, టీ కప్పుని చూస్తాడు. ఆ ఇంట్లో ఒక్క సామానూ మిగలకూడదు కదత్తా.”

“ఓర్నాయనో!”

“నవ్వనన్నావు.”

“నవ్వట్లేదే, దగ్గొచ్చింది. తర్వాత?”

“తర్వాతేముంది, పుస్తకమంతా ఆవిణ్ణి తిడతాడు. చెయ్యి మెలిపెడతాడు. ఆఖరి పేజీలో కూలబడి ఏడుస్తాడు. అంతే, ఆవిడ కరిగిపోయింది. నేనైతే ఆ చేతికి కాపడం పెట్టుకుని మా ఇంటికి పోయేదాన్ని.”

“ఇది బాగుంది. గుర్తుపెట్టుకోవాలి. డాక్టరుది చదివావా?”

“చదివా. ఆవిడ కళ్ళు తిరిగి పడిపోతుంది, అతను నాడి చూస్తాడు, అతని నాడే ఎక్కువ కొట్టుకుంటుంది. బయట రోగులందరూ కూర్చునుంటారత్తా! వాళ్ళ సంగతి ఒక్కరూ పట్టించుకోరు, రాసినావిడతో సహా. ఒక ముసలాయన దగ్గుతూ వస్తాడు కథలో. ఆయనకి తగ్గిందో లేదో చివరిదాకా చూశా. చెప్పలేదు.”

“నువ్వు చెప్తుంటే చదివినట్టే ఉంటుందే. నాకెలాగూ కళ్ళజోడు పెట్టుకున్నా అక్షరాలు ఈదుతాయి. మూడోది?”

“మూడోది సగంలో ఆపేశా.”

“నువ్వా? జ్వరమా?”

“జ్వరం లేదు. ఈమధ్య ఏది చదివినా చప్పగా ఉంటోంది.”

“ఎందుకో?”

“ఊరికే.”

“ఊరికే ఎవరికీ చప్పబడదు. ఎవరే వాడు?”

“ఎవరూ లేరు.”

“ఆ ఎవరూ లేనివాడు ఎలా ఉంటాడు?”

“అత్తా! ...అమ్మకి చెప్పకూడదు.”

“మీ అమ్మ నా గడప తొక్కిందా ఎప్పుడైనా? చెప్పు.”

“కుట్టు క్లాసు నుంచి వస్తుంటే వాన. సైకిల్ షాపు ముందు రేకు కింద నిలబడ్డా. అతనొచ్చి, గొడుగు నా చేతిలో పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా, పేరైనా అడక్కుండా తడుస్తూ వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదత్తా!”

“వానెప్పుడు పడిందే? ఈమధ్య చినుకే లేదుగా.”

“తుంపర పడింది. కొంచెం.”

“తుంపరకి తడుస్తూ వెళ్ళాడా?”

“నువ్వలా అంటే నేను చెప్పను.”

“సరే, సరే. తడిసి ముద్దయ్యాడు. తర్వాత?”

“గొడుగు తిరిగిచ్చేటప్పుడు అన్నాడు. నీకు గులాబీలు తేవాలనిపించలేదు, గులాబీ ఎవరికైనా ఇచ్చే పువ్వు, నువ్వు ఎవరోలా ఉండవు అన్నాడు. నాకు ఒళ్ళు జల్లుమంది. నా మనసులో మాట అతని నోట్లోంచి వచ్చిందత్తా. నేను అతనికేమీ చెప్పలేదు. నీకు తెలుసుగా, నీ దగ్గర తప్ప నాకు నోరు పెగలదు... ఏంటి అలా అయిపోయావు?”

“ఏం లేదు. గులాబీల మాట, అచ్చంగా అలాగే అన్నాడా?”

“అచ్చంగా.”

“ఇంకేమన్నాడు?”

“మొదటి పేజీ నుంచి ఏడ్చే ఆడపిల్లల కింద బిందెలు పెట్టాలన్నాడు. అదీ నేననుకునేదే.”

“అనుకునేది కాదే. అన్నావు. ఇక్కడే, ఈ బల్ల ముందు నిలబడి.”

“అయితే?”

“మీసం ఉంటుందా?”

“ఉంటుంది. పెద్దది. దువ్వుకుంటాడు కూడా.”

“గడియారం మణికట్టుకి లోపలివైపు పెట్టుకుంటాడా?”

“నీకెలా తెలుసు?”

“కూర్చో.”

“కూర్చోను. నీకెలా తెలుసో చెప్పు.”

“అరవకు. కూర్చోమంటున్నాగా. అతను నా దగ్గర పుస్తకాలు తీసుకుంటాడు.”

“మంచిదేగా! చదువుతాడన్నమాట.”

“చదవడు. నువ్విచ్చి వెళ్ళిన పుస్తకమే కావాలంటాడు. మర్నాడు తెచ్చేస్తాడు. ఎంత వేగంగా చదువుతాడో అని నేను మురిసిపోయా. నువ్వు గుర్తుకి పెట్టి మర్చిపోయిన దారప్పోగు నువ్వు పెట్టినచోటే ఉండేది.”

“మరి ఎందుకు తీసుకోవడం?”

“తీసుకునేటప్పుడు అడుగుతాడు. ఆ అమ్మాయి దీని గురించి ఏమందండీ అని. నేను చెప్తా.”

“చెప్తావా?”

“అందరికీ చెప్తానే! నీ మాటలు చెప్పేగా సగం పుస్తకాలు అద్దెకిచ్చేది. బిందెల మాట వింటే ఎవరైనా నవ్వుతూ ఎత్తుకుపోతారు. కాకపోతే... అతను ఊరికే వినడు. మళ్ళీ అడుగుతాడు. హీరో ఏం చేస్తే నచ్చిందంది? పేరడిగితే నచ్చలేదందా, అడక్కపోతే నచ్చిందందా? పుస్తకమంటే ఎంత ఇష్టమో అనుకున్నా.”

“గొడుగు సీను నాకు నచ్చిందని చెప్పావా?”

“చెప్పా.”

“బస్సు?”

“ఏ బస్సు?”

“ఇంట్లో చెప్పకుండా ఆ అమ్మాయి సాయంత్రం బస్సెక్కుతుందే. ఆఖరి స్టాపులో అతను నిలబడి ఉంటాడే. ఆ సీను చదువుతుంటే ఊపిరాడలేదన్నాగా నీతో.”

“చెప్పా. ఎందుకు?”

“ఏం లేదు.”

“ఎందుకే? ఒసే, నా వైపు చూడు.”

“రేపు సాయంత్రం బస్సుకి రమ్మన్నాడు. ఆఖరి స్టాపులో ఉంటానన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“ఏమీ అనలేదు. తలూపా.”

“అడ్డంగానా, నిలువుగానా?”

“నిలువుగా.”

“నీ తల పగల! ఆ ఆఖరి స్టాపులో ఏముందో తెలుసా? మూతపడిన రంపపు మిల్లు, దాని వెనక కాలవ. అంతే. పిలిస్తే పలికే కొంప ఒక్కటి లేదు.”

“నువ్వు చెప్పడం వల్లే తెలిసిందని ఏముంది? అతనికీ అవే ఇష్టాలేమో. ఇద్దరికీ ఒకటే మనసు ఉండకూడదా?”

“ఉండచ్చు. నువ్వు తెచ్చిచ్చే పుస్తకాల్లో.”

“నీకు కుళ్ళు.”

“నాకా?”

“కుళ్ళే. పుస్తకాలు నీవి, జరిగింది నాకు.”

“సరే, కుళ్ళే అనుకో. ఒక పని చేద్దాం. సాయంత్రం వస్తాడు, ఇవి అడగడానికి. నువ్వనని మాట ఒకటి చెప్తా. ఏం చెప్పమంటావో నువ్వే చెప్పు.”

“...ఆ డాక్టరుకి మీసం లేదు.”

“అయితే?”

“అదే నాకు బాగా నచ్చిందని చెప్పు. మీసాలంటే అసహ్యమని చెప్పు.”

“నీకు అసహ్యమా?”

“నాకిష్టం. అతను మాత్రం తియ్యడు, చూస్తూ ఉండు. ఆ మీసం అతనికి ప్రాణం. రేపు మధ్యాహ్నం క్లాసు దగ్గరికొస్తాడు. మీసంతోనే వస్తాడు. వస్తే నేను బస్సెక్కుతా, నువ్వు నోరెత్తకూడదు.”

“తీసేసి వస్తే?”

“తియ్యడు.”

“తీసేసి వస్తేనే?”

“తియ్యడన్నానా!”

మర్నాడు సాయంత్రం. అదే కొట్టు. తలుపులు దగ్గరకి వేసి ఉన్నాయి.

“ఎవరూ? కొట్టు కట్టేశా... నువ్వా! రా, రా లోపలికి. పొద్దుటి నుంచి గుమ్మం వైపే చూస్తున్నానే. బస్సు వెళ్ళిపోయిందా?”

“వెళ్ళిపోయింది. నేనెక్కలేదు.”

“అమ్మయ్య!”

“తీసేశాడత్తా.”

“...మొత్తమా?”

“మొత్తం. పెదవి మీద ఒకచోట కోసుకున్నాడు కూడా. కాగితం ముక్క అంటించాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే భయమేసింది. నేనాడిన అబద్ధం అతని మొహం మీద కనిపిస్తోంది.”

“నిన్న నేను చెప్తుంటేనే అనుకున్నా. చెయ్యి మీసం మీదికి పోయింది. కాసేపు అలాగే నిమురుకున్నాడు. అసహ్యం అందా, ఇష్టం లేదు అందా, సరిగ్గా ఏ మాట అందండీ అని అడిగాడు. అసహ్యమే అందన్నా. సరేనండీ అని వెళ్ళిపోయాడు. పుస్తకం తీసుకోవడం కూడా మర్చిపోయాడు. నువ్వేమీ అనకుండా వచ్చేశావుగా?”

“అన్నా.”

“ఒసేయ్!”

“నేను రాను అన్నా. నాకు మీసాలంటే ఇష్టమే, అది అబద్ధం అన్నా. గట్టిగానే అన్నా.”

“నువ్వా?”

“నేనే. మొదట నవ్వాడు. అయితే మళ్ళీ పెంచుతాలే అన్నాడు. నేను నవ్వలేదు. అప్పుడు చెయ్యి పట్టుకున్నాడు. నీకేది నచ్చితే అదే చేస్తున్నా కదా, ఇంకేం కావాలి నీకు అన్నాడు. కోపంగా కాదత్తా. మెల్లగానే. అర్థంకాక అడుగుతున్నట్టే అడిగాడు. చెయ్యి మాత్రం వదల్లేదు.”

“ఏదీ, చూపించు. అయ్యో, ఇలా కమిలిపోయిందేమే!”

“నొప్పి లేదు.”

“నోర్ముయ్. ఎలా వదిలాడు?”

“మా టీచరు బయటికొచ్చి, కత్తెర ఎవరు పట్టుకుపోయారే అని అరిచింది. వదిలేశాడు. కత్తెర నా రెండో చేతిలోనే ఉంది. అప్పటిదాకా నాకే గుర్తులేదు.”

“మీ టీచరు చల్లగా ఉండాలి. ఇంక వాడు నా కొట్లో అడుగుపెడితే కాళ్ళు విరగ్గొడతా. పద, నిన్ను నేనే ఇంటి దాకా దిగబెడతా. మీ అమ్మతో కూడా నేనే మాట్లాడతా. నా నోటి దురదే ఇంత పని చేసింది.”

“ఆగత్తా. ఇంకో మాట అన్నాడు.”

“ఏమని?”

“తను ఇలా ఎదురు చెప్పలేదు అన్నాడు.”

“తనెవరు?”

“అది అడుగుదామనే నీ దగ్గరికొచ్చా.”

“నన్నా? నాకేం తెలుసు?”

“నాకంటే ముందు ఎవరి అభిప్రాయాలు అడిగేవాడు?”

“ఎవరివీ లేదు. అంటే... అందరివీ. ఆ తలుపు వెయ్యి, దుమ్మొస్తోంది.”

“వేసే ఉంది. ఎవరివి?”

“ఒక టైపిస్టు అమ్మాయి ఉండేది. నీలాగే. బయట మాట వచ్చేది కాదు, పుస్తకం గురించైతే ఆగేది కాదు. పాత బంగ్లాలో కిటికీ దగ్గర నిలబడే హీరోలంటే పడి చచ్చేది. తను చెప్పినవి కూడా అడిగేవాడు.”

“నువ్వు చెప్పేదానివి.”

“చెప్పేదాన్ని.”

“ఇప్పుడు రాదేం?”

“పెళ్ళయి వెళ్ళిపోయిందే. నీలా వేషాలెయ్యకుండా హాయిగా పెళ్ళి చేసుకుంది.”

“పెళ్ళికి వెళ్ళావా?”

“పిలవలేదు. ఎక్కడో దూరంగా అట.”

“వాళ్ళమ్మ చెప్పిందా?”

“వాళ్ళమ్మా? ఆవిడకి మతి సరిగ్గా లేదు పాపం. అప్పుడప్పుడూ వచ్చి, మా అమ్మాయి పుస్తకాలకి వచ్చిందా అని అడుగుతుంది. పెళ్ళి చేసి పంపించి మళ్ళీ నన్నడుగుతావేంటమ్మా అన్నా. ఏ పెళ్ళి అంది. అని, అదిగో, ఆ గుమ్మంలోనే నిలబడిపోయింది. మంచినీళ్ళిచ్చి పంపించా.”

“అత్తా.”

“ఊఁ.”

“వాళ్ళమ్మకే తెలియని పెళ్ళి నీకెవరు చెప్పారు?”

“ఎవరేంటి... తను తీసుకెళ్ళిన పుస్తకాలు తెచ్చిచ్చినాయన. పెళ్ళయిపోయింది, ఇంక రాదు, ఇవి మీకిచ్చెయ్యమంది అని...”

“ఎవరాయన?”

“ఉండు. ఉండవే, నన్ను గుర్తుచేసుకోనీ.”

“నీకు గుర్తొచ్చింది. ఎవరత్తా?”

“అతనే. ఆ రోజే మొదటిసారి నీ గురించి అడిగాడు.”