గన్నేరు గంపలో వేపపూత

"టక్... టక్ టక్... టక్."

"ఎవరది?"

ఉగాది పొద్దు. తెలంగాణ ఉద్యమం ఊరూరా రగులుతున్న ఏడు. సిరిసిల్లలో, సాంచల, అంటే మరమగ్గాల, చప్పుడు ఆగిన ఒక నేతవాడలో, మూసిన తలుపుకు అటు ఒక గొంతు, ఇటు ఒక గొంతు.

"నేనవ్వా, చాంద్ పాషాను. బస్టాండు కాడ పూలమ్ముత. అంజవ్వ ఇల్లు గిదే గదా? నిన్న నా దగ్గర వేపపూత కొన్నరు."

"పైసలిచ్చి కొన్న. ఇప్పుడేంది?"

"గది వాపసియ్యున్రి."

"పండుగ పూట పూత వాపసా! ఏ ఊర్ల ఉన్నది గీ ముచ్చట?"

"పచ్చడి చేసిన్రా? ఎవరన్న తాగిన్రా? ముందు గది చెప్పున్రి."

"మా ఇంట్ల ఎవరు తాగితే నీకెందుకు? ఎవరున్నరని అచ్చినవు?"

"అయ్యో, జర తలుపు తియ్యున్రి..."

"తియ్య. మొన్న గాజులమ్ముతనని ఒకడచ్చిండు. భుజాన గాజుల మలారం, కాళ్లకు పోలీసు బూట్లు. గాజులెక్కియ్య రాలె బాడుకావుకు! ఇయ్యాల నువ్వు పూలోనివా?"

"నా కాళ్లకు చెప్పులే లేవు. ఉరికచ్చిన. సందుల నుంచి చూడున్రి."

"కాళ్లు చూస్తే మనిషి తెలుస్తడా? మా ఇల్లెవరు చూపిన్రు?"

"పక్కింటి రూతమ్మ."

"దాని నోరు పడిపోను! ఇంకేం చెప్పింది?"

"ఏం చెప్పలె. నా తప్పు చెప్త, ఇనున్రి. అమరుల స్థూపం దండకని తెల్ల గన్నేరు కొమ్మలు కోసి తెచ్చిన. పూత వాడద్దని గంప మీద తడి గోనె కప్పిన. గా చినిగిన గోనె మీదనే కొమ్మలు పెట్టిన. కోసిన కాడల పాలు కారినయి, రెక్కలు రాలి పూతల కలిసినయి. తెల్లదాంట్ల తెల్లది, కండ్లకు కనవడలె."

"గన్నేరా?"

"గన్నేరే. మిగిలిన పూత మా మేక తిన్నది. పొద్దుగాల నుంచి లేస్తలేదు."

"చేదైతే నాలుకకు తెల్వదా?"

"ఉగాది పచ్చడిల చేదును ఎవరు అనుమానపడ్తరవ్వా?"

"మంచిగనే అల్లినవు కథ. నేను బెదిరి తలుపు తియ్యాలె, నువ్వు జొరవడాలె. ఇంట్ల నేనొక్కదాన్నే. కొడుకు నేతపనికి భీవండి పోయిండు."

"ఒక్కరికి రెండు పిడికిళ్ల పూతెందుకు?"

"చూసినవా! పిడికిళ్లు గూడ చూసుకున్నడు! కోరుట్ల రాస్తారోకో కేసని జగిత్యాల పోలీసు జీపచ్చి వాడ మలుపుల నిలవడ్డది. గా జీపు మనిషివే నువ్వు."

"జీపు నేనూ చూసిన. గసొంటి కేసులనే నా కొడుకు అస్లం జైల్ల ఉన్నడు. సరే, తలుపు తియ్యకున్రి. లోపట ఎవరున్నరో నాకద్దు. పచ్చడి పారబొయ్యున్రి, పూత ముట్టిన చేతులు సబ్బుతోని కడుగున్రి. నేను పోతున్న. ఇంకా ఇండ్లు తిరగాలె."

"పోతున్నవా?"

"పోతున్న."

"నిజంగ పోతున్నవా... ఆగు. పోలీసోడైతే పోడు."

"అవ్వా?"

"కుండ పారబోసిన. గదో, చప్పుడు ఇనవడ్డదా?"

"గ్లాసులల్ల పోసింది?"

"నా గ్లాసు ముట్టలె."

"ఇంకోటి?"

"దేవునికి పెట్టిన."

"దేవుడు తాగడు, దేవునికేం గాదు. అవ్వా... దేవునికేనా?"

"వెనుక సాంచల షెడ్డున్నది. గా అటక మీదున్న నా కొడుక్కు అందిచ్చిన. దేవునికి పెట్టకముందు తాగద్దని, గుడిల గంట కొట్టినంక తాగుమన్న."

"ఠంగ్... ఠంగ్... ఠంగ్."

"అవ్వా, గంట! ఉరుకున్రి!"

"నా మోకాళ్లతోని ఏడ ఉరుకుదు?"

"తలుపు తియ్యున్రి, నేనురుకుత!"

"కొత్త మొఖం చూస్తే గోడ దుంకుతడు. దుంకితే జీపు ముందటనే!"

"అయితే ఒర్రవ్వా!"

"ఒర్రితే జీపుకు ఇనవడ్తది!"

"జీపుకు ఇనవడితే జైలు. జైలు నుంచి నా కొడుకస్తడు, నీ కొడుకస్తడు. గా గ్లాసు నుంచి?"

"తాగకు కొడుకా! గ్లాసు కింద వెట్టు! ఇంటున్నవా... ధనుంజయ్! ఓ ధనుంజయ్!"